మాట పుట్టిన చోటికి నడక

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలో మా హైస్కూలు ఉండేది. ఇప్పుడు ఆ దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు తవ్వారు. అప్పుడు వరిమళ్ళు, మళ్ళు అయిపోయిన చోట ఇసుక నేలలు, ఇసుకలో సరుగుడు తోపులు. మధ్యాహ్నం గాలి తిరిగితే తరగతి గదిలోకి ఉప్పు వాసన వచ్చేది. అది వస్తే ఇక ఇంటిగంటకు ఎంతోసేపు లేదని మాకు తెలుసు. బస్సులో ఆ దారిన పోయినప్పుడల్లా దిగి నడవాలనిపిస్తుంది. మోకాళ్ళు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, ఎవరితో కలిసి నడిచానో వాళ్ళు కావాలి కదా.

నేను ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. తాలూకా కచేరీలో గుమాస్తాగా ఉన్న మా మేనమామ ఏటా ఒకటి తెచ్చి ఇచ్చేవాడు. గాలి ఎటు నుంచి వీచింది, ఏం కూర తిన్నాం, ఎవరు వచ్చిపోయారు, ఇంతే అందులో ఉండేది. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన అరవై అయిదో ఏటి డైరీ కూడా అలాగే ఉంది. నేను రాసినదాని కంటే రాయనిదే నాకు ఎక్కువ గుర్తుంది. ఈ మధ్య ఒక ఉపాధ్యాయుల సమావేశానికి నన్ను పిలిచి, పిల్లలు ద్వేషం నేర్పే గుంపుల్లో పడకుండా బడి ఏం చెయ్యగలదో చెప్పమన్నారు. నాకు తెలిసింది ఒక్క వారం సంగతే. దాన్ని అక్కడ సరిగా చెప్పలేకపోయాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాకు సాంఘికశాస్త్రం చెప్పే సారు ఒకాయన ఉండేవారు. పంచె కట్టు, వాన ఉన్నా లేకపోయినా గొడుగు, జేబులో వేయించిన శనక్కాయలు. ఆయన తరగతిలో ఒక పద్ధతి పెట్టారు. ఎవడైనా ఊళ్ళో విన్న మాట తెచ్చి బళ్ళో వేస్తే, శనివారం ఒంటిపూట బడి వదిలాక వాడు ఆ మాట వెంట నడవాలి. తనకు చెప్పిన మనిషి దగ్గరికి, ఆ మనిషికి చెప్పినవాళ్ళ దగ్గరికి, అలా కళ్ళారా చూసినవాళ్ళు దొరికేదాకా. సారు వెంట వస్తారు గానీ నోరు తెరవరు. అడగవలసింది మాట తెచ్చినవాడే. సోమవారం నాడు మొదట ఎక్కడ నిలబడి ఆ మాట చెప్పాడో అక్కడే నిలబడి, తెలుసుకున్నది చెప్పాలి. "కాలవ తెగితే నీళ్ళు నిలిచిన మడిలో నిలబడి ఏడిస్తే ఏం లాభంరా, గట్టెంబడి పైకి పోవాల" అనేవారు.

మేం ఎనిమిదిలో ఉండగా, బళ్ళో కాచి పోసే పాలపొడి పాలు తాగితే మీసాలు రావని ఒక మాట పుట్టింది. మగపిల్లల్లో సగం మంది గ్లాసులు ముట్టడం మానేశారు. ఆ మాట తెచ్చినవాడు ఊరంతా తిరిగి చివరికి మా బడి వంటామె అత్తగారి దగ్గర తేలాడు. ఆ ముసలామె ఏమాత్రం సిగ్గుపడకుండా, మిగిలితే మా దూడకు పోసుకుందామని అన్నాలే అబ్బయా, అని చెప్పి పంపింది. సోమవారం వాడు అది చెప్పాక తరగతిలో ఒకటే నవ్వు. ఆ పూట పాలు చాలలేదు.

పదకొండో తరగతిలో మూడో బెంచీ మాది. నాకు ఒక పక్కన ఒక రైతు కొడుకు, ఇంకో పక్కన పెట్రోమాక్సు లైట్లు బాడుగకిచ్చే సాయిబు కొడుకు. పేర్లు రాయను. ఒకణ్ణి రైతుబిడ్డ అనీ, ఒకణ్ణి లైట్లబ్బాయి అనీ అంటాను. బళ్ళో ఎలాగూ వాణ్ణి అందరం 'లైట్లూ' అనే పిలిచేవాళ్ళం.

ఊళ్ళో నాటకమో హరికథో ఉంటే లైట్లబ్బాయి నాయన వెంట మేం ముగ్గురం తలొక లైటు పట్టుకుని నడిచేవాళ్ళం. లైట్ల మనుషులం కాబట్టి ముందు వరసలో ఇసుక మాదే. లైటులో వెలుగునిచ్చే మాంటిలు కట్టడం లైట్లబ్బాయి నాకు నేర్పాలని చూశాడు. కొత్త మాంటిలు పట్టుసంచిలా మెత్తగా ఉంటుంది. ఒకసారి వెలిగాక బూడిదే, కానీ ఆకారం నిలుస్తుంది, వేలు తగిలితే మాత్రం రాలిపోతుంది. నాకు ప్రతిసారీ వేలు తగిలేది. "నువ్వు గుమాస్తాగిరీకే పనికొస్తావు గానీ దీపం జోలికి రావద్దురా" అనేవాడు. రైతుబిడ్డ పంపు కొట్టడంలో మొనగాడు. వాడు కొడితే లైటు బుస్సుమని లేచి జనమంతా కళ్ళు చికిలించేవాళ్ళు. అలా మా ముగ్గురి మీదా పడిన తెలుపు నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది.

యుద్ధం వచ్చినప్పుడు రైతుబిడ్డ అన్న మిలిటరీలో ఉన్నాడు. ఉత్తరాలు ఆగిపోయాయి. వాళ్ళమ్మ పోస్టుమాను వచ్చే వేళకు వాకిట్లో నిలబడేది. అతను సైకిలు ఆపకుండా తల అడ్డంగా ఊపి పోయేవాడు. ఇంట్లో భయపడి ఎవరూ ఆ పెద్దకొడుకు మాట ఎత్తేవాళ్ళు కాదు. బళ్ళో కూడా ఎవరూ అడగలేదు. లెక్కలు చెయ్యలేదని వాణ్ణి బెంచీ ఎక్కించారు, అంతే.

ఆ రోజుల్లో, పట్నంలో చదువు మానేసి వచ్చిన ఒక యువకుడు సాయంత్రాలు సరుగుడు తోపులో పెద్దపిల్లల్ని చేర్చి కర్రసాము నేర్పేవాడు. మంచి దేహం, మంచి మాట. నేనూ కొన్నాళ్ళు పోయాను. రైతుబిడ్డ కనపడగానే ఆయన మొదట అడిగేది ఒకటే, "తమ్ముడూ, అన్న దగ్గర్నుంచి కబురొచ్చిందా?" అని. రాలేదంటే భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చోబెట్టుకునేవాడు. సాము అయ్యాక, మనతో కలిసి ఉంటూనే శత్రువు గెలవాలని కోరుకునేవాళ్ళ గురించి మాట్లాడేవాడు. మొదట్లో ఆ మాటల్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. పోను పోను ఒక ఊరు వచ్చింది, తర్వాత ఒక వీధి, తర్వాత ఒక ఇల్లు. నేను తోపుకు పోవడం మానేశాను. తెలివి వల్ల కాదు, నాకు కర్ర తిప్పడం రాలేదు.

ఒక సోమవారం సారు పాఠం మొదలుపెట్టకముందే రైతుబిడ్డ లేచి నిలబడ్డాడు.

"సార్, లైట్ల సాయిబు రాత్రిళ్ళు సముద్రం ఒడ్డున లైటు పెట్టి శత్రువుల ఓడలకు దారి చూపిస్తుండాడంట." అంతటితో ఆగలేదు. పక్కకు తిరిగి చూడకుండానే, "వీడికీ తెలుసు" అన్నాడు.

వాళ్ళిద్దరి మధ్యా నేనున్నాను. లైట్లబ్బాయి లేచి నిలబడ్డాడు. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. పెన్నుకు మూత పెట్టుకున్నాడు. సారు వైపు ఒకసారి చూసి బయటికి నడిచాడు. సారు పిలిచారు. వాడు ఆగలేదు.

ఆ పూటే రైతుబిడ్డ నాతో ఇంకో మాట చెప్పాడు. వచ్చే ఆదివారం తోపులోవాళ్ళంతా సాయిబు కొట్టు మీదికి పోతారట, ఒక్క లైటు కూడా మిగలదట. నేను అది తీసుకుపోయి సారుకు చెప్పాను. ఆయన నన్ను హెడ్మాస్టరు గదిలోకి తీసుకుపోయారు. అందువల్ల అక్కడి మాటలన్నీ విన్నాను.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, భయస్తుడు. రైతుబిడ్డకు టీసీ ఇచ్చి పంపేద్దాం, వీడొకడుంటే రేపు బడంతా ఇదే మాట్లాడుతుంది అన్నారు. సారు నిలబడే ఉన్నారు.

"పంపిస్తే యాడికి పోతాడండీ? తోపులోకే. ఇప్పుడు సాయంత్రాలు పోతుండాడు, రేపట్నుంచి పగలు గూడా ఆడనే ఉంటాడు. వాళ్ళన్న సంగతి ఆ తోపులోవాడు దినామూ అడుగుతుండాడు. మనలో ఒక్కరమన్నా అడిగినామా?"

హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకున్నారు. శనివారం నాడు వాడు మాట వెంట నడిస్తే సరి, నడవకపోతే టీసీ, అని తేల్చారు. సారు మునసబుకు కబురు పెట్టి, కొట్టు దగ్గర తలారిని కాపలా ఉంచే ఏర్పాటు కూడా చేశారు.

రైతుబిడ్డ ఆ వారమంతా రానన్నాడు. టీసీ ఇస్తే ఇచ్చుకోమన్నాడు. శనివారం గంట కొట్టాక గేటు దగ్గర సారు గొడుగుతో నిలబడి ఉన్నారు. పద్ధతి గురించి, టీసీ గురించి ఏమీ అనలేదు. వాడి చేతిలో గుప్పెడు శనక్కాయలు పోసి, "మీ అన్న ఆఖరున రాసిన ఉత్తరం ఏ ఊరి నుంచి వచ్చిందిరా?" అని అడిగారు.

వాడు గుప్పెట్లోని శనక్కాయలు జేబులో వేసుకున్నాడు. తర్వాత ఊరి పేరు చెప్పాడు. అక్కడి చలి గురించి అన్న రాసిన సంగతి చెప్పాడు. చెబుతూ నడవసాగాడు. సారూ నేనూ పక్కన నడిచాం. అన్న చిన్నప్పుడు కాలవలో పడిన సంగతి, అన్న పంపిన ఉన్ని టోపీని ఈ ఊరి ఎండలో వాళ్ళ నాయన పెట్టుకు తిరిగిన సంగతి, అన్నీ వచ్చాయి. సెంటరు చేరేసరికి వాడి గొంతు బొంగురుపోయింది.

రైతుబిడ్డకు ఆ మాట చెప్పినప్పుడే తోపులోని యువకుడు, దాన్ని సెంటర్లో టీ అంగడి దగ్గర విన్నానన్నాడట. రైతుబిడ్డ అంగడతన్ని అడిగాడు. అతను గ్లాసులు కడుగుతూనే జవాబు చెప్పాడు. "సాయిబు ఒడ్డున లైటు పెట్టినాడు, పడవలొచ్చినాయి అన్నా. అంతే. ఓడలని నేననలా. నాకు చెప్పింది చేపల బండోడు."

సారుకు ఏదో అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన పద్ధతే ఆయనకు అడ్డం. గొడుగు ఒకసారి విప్పి, మళ్ళీ మూశారు.

బండివాడు దారి పక్కన ఎద్దులను విప్పి, బండి కింద నీడన పడుకుని ఉన్నాడు. జాలర్ల పాళెంలో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నానని ఒప్పుకున్నాడు. ఈదురుగాలి రోజున లైటు చూసుకుని పడవలు వచ్చాయని వాళ్ళు అన్నారు, అదే తనూ అన్నాడు. ఎవరి పడవలని అడగలేదా అంటే, "నా ఎద్దుకు కాలు వాచి నేనేడుస్తుంటే, పడవలు ఎవురివైతే నాకేంది అబ్బయా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇసుక మొదలయ్యాక సారు చెప్పులు చేత పట్టుకున్నారు. పాళెంలో ఒకామె చేపలు ఎండేస్తూ ఉంది. మమ్మల్ని చూసి, "ఏం నాయనా, కాకుల్ని తోలేదానికి ముగ్గురొచ్చినారా" అంది. రైతుబిడ్డ లైటు సంగతి అడిగాడు. ఆమె చేతిలో పని ఆపకుండానే చెప్పింది. ఈదురుగాలి లేచిన రోజున పడవలు పొద్దుగూకినా తిరిగి రాలేదు. ఆడవాళ్ళు ఒడ్డున పట్టుకున్న లాంతర్లు గాలికి ఆరిపోయాయి. ఆమె పరుగున సాయిబు కొట్టుకు పోయింది. సాయిబు అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని లేచాడు. ఉన్నవాటిలో పెద్ద లైటు తీశాడు. ఇసుకలో సైకిలు కదలకపోతే దాన్ని వదిలేసి, లైటు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దిబ్బ మీద వెదురు నాటి, గాలికి గోనెపట్టా అడ్డం కట్టి, పడవలు వచ్చేదాకా పంపు కొడుతూ అక్కడే నిలబడ్డాడు. వచ్చిన పడవల్లో ఒకదాంట్లో ఆమె మొగుడూ కొడుకులూ ఉన్నారు.

"మరి ఓడలకు..." అన్నాడు రైతుబిడ్డ. 

"ఏ ఓడలు? మా మొగోళ్ళు నాయనా. ఆ లైటే లేకపోతే ఈ పొద్దు నేనీడ చేపలు ఎండేసుకుంటా ఉందునా?"

వాడు ఇసుకలో కూర్చుండిపోయాడు. ఆమె కాసేపు చూసి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు వాడు మా ముందు నడిచాడు. నేను మనసులో లెక్క చూసుకుంటూ నడిచాను. పాళెం నుంచి టీ అంగడి దాకా ఎవరూ అబద్ధం ఆడలేదు. బండివాడు ఆమె మొగుణ్ణీ కొడుకుల్నీ వదిలేశాడు. అంగడతను ఈదురుగాలిని వదిలేశాడు. అలా ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో తోపులోని మనిషికి బాగా తెలుసు.

ఊరు దగ్గరపడ్డాక రైతుబిడ్డ, తోపులో కూడా చెప్పాలా సార్ అని అడిగాడు. "తోపు నా బడి కాదు. ఆడ చెప్పమని నేను చెప్పలేను" అన్నారు ఆయన.

మర్నాడు ఆదివారం. సాయంత్రం వాడు తోపుకు పోయాడు. నేను కొంచెం దూరంగా చెట్లలో నిలబడ్డాను. కర్రలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాడు పాళెంలో విన్నదంతా చెప్పాడు. యువకుడు నవ్వాడు. "గుప్పెడు శనక్కాయలకే ఆ సారు నిన్ను కొనేసినాడే తమ్ముడూ." కొందరు కూడా నవ్వారు. రైతుబిడ్డ ముఖం కందిపోయింది. "నువ్వూ రా అన్నా, పాళేనికి పోదాం. ఆమెనే అడుగు" అన్నాడు. యువకుడు లేవలేదు. అంతసేపూ అన్నా అన్నా అని తిరిగిన పిల్లలు ఆయన లేస్తాడేమోనని చూశారు. తర్వాత ఒకడు పశువులకు మేత వెయ్యాలని లేచాడు, ఇంకొకడు వాడి వెంట లేచాడు. ఆ రోజు ఎవరూ కొట్టు వైపు పోలేదు. తోపులో సాము వానలు మొదలయ్యేదాకా సాగి ఆగిపోయింది. ఆ మనిషి ఇంకో ఊరు చూసుకున్నాడని విన్నాను.

సోమవారం రైతుబిడ్డ మూడో బెంచీ దగ్గర నిలబడి అంతా చెప్పాడు.  నాకు రెండో పక్క ఖాళీగానే ఉంది.

సాయంత్రం సారు మా ఇద్దరినీ వెంటబెట్టుకుని కొట్టుకు పోయారు. సాయిబు లైటు గ్లాసులు ముగ్గుపిండితో తోముతున్నాడు. రైతుబిడ్డ ఆయన కాళ్ళ దగ్గర వంగబోతే రెండు చేతులా పట్టుకుని లేపాడు. బల్ల తుడిచి సారును కూర్చోమన్నాడు. పిల్లవాణ్ణి రేపటి నుంచి పంపమని సారు అడిగారు.

"మీరు మంచోళ్ళే అయివోరూ. ఈ బిడ్డా మంచోడే. మా వోడు మాత్రం రానంటుండాడు." ఆయన గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి మళ్ళీ తోమసాగాడు. "వారమంతా వాడు ఈ గుమ్మంలోనే కూర్చున్నాడు. బళ్ళోనుంచి ఎవురన్నా వస్తారని. తలారిని పంపినారు, మంచిదే. మీరు రాలేదు."

లోపలి గది తెర కదిలింది. వాడు అక్కడే ఉన్నాడని ముగ్గురికీ తెలుసు. ఎవరూ బయటికి రాలేదు.

దారిలో సారు గొడుగు చంకలో పెట్టుకుని నడిచారు. మా ఊరి మలుపు దగ్గర ఆగి, "మాట వెంటే పోయినాన్రా. మనిషి దగ్గరికి పోలేదు" అన్నారు. ఆ రోజు డైరీలో నేను, తూర్పు గాలి, వంకాయ కూర, అని మాత్రమే రాసుకున్నాను.

లైట్లబ్బాయిని నెల్లూరులో మేనత్త ఇంటికి పంపి అక్కడి బళ్ళో చేర్చారు. రైతుబిడ్డ అన్న క్షేమంగా ఉన్నాడని ఉత్తరం వచ్చింది. పబ్లిక్ పరీక్షలకు నెల్లూరు పోయినప్పుడు లైట్లబ్బాయి వరండాలో కనిపించాడు. మీసం వచ్చింది, ఎత్తు పెరిగాడు. మేం దగ్గరికి పోతే మర్యాదగా నవ్వాడు. లెక్కల పేపరు ఎలా రాశారని అడిగాడు, ఇంకేదీ అడగలేదు. రైతుబిడ్డ వాడి చెయ్యి పట్టుకుని, "ఒక్క దినం మనూరికి రారా" అన్నాడు. "నాయన పొమ్మంటే వస్తాలే" అన్నాడు వాడు. గంట కొట్టారు. వాడి గది పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి పోయాడు. ఆ తర్వాత వాళ్ళ నాయన కూడా కొట్టు ఎత్తేసి నెల్లూరు చేరాడు. వాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. నెల్లూరులో పెళ్ళి ఊరేగింపు ఎదురైతే లైట్లు మోసేవాళ్ళ ముఖాలు చూసే అలవాటు నాకు చాలా ఏళ్ళు పోలేదు.

రైతుబిడ్డ చదువు ఆపి సేద్యంలోకి దిగాడు. ఊళ్ళో ఒకరి మీద ఒకరికి ఏ మాట పుట్టినా తువ్వాలు భుజాన వేసుకుని దాని వెంట బయల్దేరేవాడు. అందరూ వేళాకోళం చేసేవాళ్ళు. కిందటేడు పోయాడు.

ఆ దశాబ్దం ముగిసేలోపే నేనూ కృష్ణపట్నం వైపు ఒక బళ్ళో ఉపాధ్యాయుణ్ణయ్యాను. అప్పుడు భూస్వాముల మీద కొండల్లో తుపాకులు పట్టినవాళ్ళ కథలు తీరం దాకా వస్తున్నాయి. ఒకనాడు నా తరగతిలో ఒక పిల్లవాడు లేచి, ఊళ్ళో భూములున్న ఇంటి పిల్లవాణ్ణి చూపించి, వాళ్ళ నాయన తల ఎప్పుడు తెగుతుందో తనకు తెలుసన్నాడు. ఆ మాట పడ్డ పిల్లవాడు సంచీ తీసుకుని బయటికి పోయాడు.

మాట తెచ్చినవాణ్ణి శనివారం నడిపించాను. అది తర్వాత. ఆ సాయంత్రం గంట కొట్టగానే ముందు ఆ రెండోవాడి ఇంటికి పోయాను. వాళ్ళమ్మకు నన్ను చూసి కంగారు, కుర్చీ వెయ్యాలా మంచినీళ్ళు తేవాలా తెలియలేదు. పిల్లవాడు స్తంభం వెనక నిలబడ్డాడు.  మజ్జిగ తాగాను. దూడను చూశాను. పొద్దుపోతోందని లేచేసరికి వాడు స్తంభం వెనక నుంచే, "రేపటి లెక్కలు చెయ్యలేదు సార్" అన్నాడు.

"చెయ్యకపోయినా రా."

మర్నాడు హాజరు పిలుస్తుంటే మూడో వరసలో నుంచి వాడు పలికాడు. తర్వాతి పేరు పిలవడానికి నాకు కొంచెం ఆలస్యమైంది.